రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం మారదు, మరి ప్రయాణ సమయం ఎందుకు మారుతుంది?

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ముందు ఒక సంగతి చెప్తాను. ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి నాన్‌స్టాప్ విమానం నడుపుతోంది కదా, అది మొదట్లో పడమరగా, అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. ఆ దారి దాదాపు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబర్‌లో దాన్ని తిప్పి తూర్పుగా, పసిఫిక్ మీదుగా పంపించారు. ఆ దారి 15,300 కిలోమీటర్లు, అంటే 1,400 కిలోమీటర్లు ఎక్కువ. అయినా పద్నాలుగున్నర గంటల్లో దిగింది, పాత దారిలో పట్టే టైమ్ కంటే దాదాపు రెండు గంటలు తక్కువ. ఇంజిన్లు మార్చలేదు, స్పీడు పెంచలేదు, దారి ఒక్కటే మార్చారు. పైగా ఈ రెండు దారుల్లో ఏదీ ఆ రెండు ఊళ్ల మధ్య ఉన్న అతి తక్కువ దూరం కాదు. గ్లోబు మీద కొలిస్తే అది 12,400 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది.

ఇప్పుడు ఢిల్లీకి, శాన్‌ఫ్రాన్సిస్కోకి మధ్య ఎంత దూరం అని ఎవరైనా అడిగితే ఏ అంకె చెప్పాలి? ఫోన్‌లో రెండు పేర్లు కొడితే అర సెకనులో ఒక దూరం, ఒక టైమ్ వచ్చేస్తాయి, మనం ఆ రెండూ ఒకేరకం నిజాలనుకుంటాం. కావు. దూరం లెక్క, టైమ్ అంచనా. ఆ అంచనా వెనక గాలి ఉంది, దేశాల సరిహద్దులు ఉన్నాయి, భద్రతా నియమాలు ఉన్నాయి, ఇంధనం బరువు ఉంది. ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఇదే.

దూరం సంగతి తొందరగా చూసేద్దాం, ఎందుకంటే అందులో గొడవ తక్కువ.

గోడకి వేలాడే ప్రపంచ పటం మీద స్కేలు పెట్టి గీత గీస్తే అది దగ్గరి దారి కాదు. మనకి అలవాటైన ఆ పటం 1569లో మెర్కేటర్ అనే ఆయన సముద్ర ప్రయాణాల కోసం వేసిన పద్ధతిలోది. అందులో దిక్కులు సరిగ్గా ఉంటాయి గానీ, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ నేల సాగిపోతుంది. ఆఫ్రికా గ్రీన్‌లాండ్‌కి దాదాపు పద్నాలుగు రెట్లు పెద్దది, ఆ పటంలో చూస్తే రెండూ సమానంగా కనిపిస్తాయి. అందుకని గ్లోబు తీసుకోండి. ఒక దారం తీసుకుని రెండు ఊళ్ల మధ్య బిగించి లాగండి. దారం ఎక్కడ పడుకుంటుందో అదే దగ్గరి దారి. దాన్నే మహావృత్తం అంటారు, భూమిని సరిగ్గా సగానికి కోసే వృత్తంలో ఒక ముక్క అన్నమాట.

ఇది ఎంత తేడా చేస్తుందో ఒక ఉదాహరణ చూడండి. ఫిన్లాండ్‌లో హెల్సింకి, అలాస్కాలో యాంకరేజ్. రెండూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, అరవై, అరవై ఒకటి డిగ్రీల ఉత్తరాన. పటం చూసినవాళ్లెవరైనా ఒకదాని నుంచి ఇంకోదానికి నేరుగా పడమరకో, తూర్పుకో వెళ్లిపోవచ్చు అనుకుంటారు. అలా అక్షాంశం వెంబడే వెళ్తే దాదాపు 9,500 కిలోమీటర్లు. దారం లాగి చూస్తే అది ఉత్తర ధ్రువానికి బాగా దగ్గరగా పోతుంది, దూరం 6,500 కిలోమీటర్లు. అంటే మూడు వేల కిలోమీటర్లు తేడా! హెల్సింకిలో బయలుదేరినవాళ్లు ముక్కు ఉత్తరానికి పెట్టుకుని వెళ్లి, ధ్రువం దాటాక దక్షిణానికి దిగుతారు. సీటు ముందున్న స్క్రీన్ మీద మన విమానం గీత వంకరగా పైకి వంగి కనిపిస్తుంది చూడండి, వంకర విమానంలో లేదు, పటంలో ఉంది.

లెక్క ఎలా కడతారంటే, ప్రతి ఎయిర్‌పోర్టుకీ ఒక గుర్తింపు బిందువు ఉంటుంది, దాని అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి, ఆ రెండు జతల్నీ త్రికోణమితి సూత్రంలో వేస్తారు. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు, దాన్ని 360 డిగ్రీలకి పంచితే డిగ్రీకి 111 కిలోమీటర్లు. అందులో అరవయ్యో వంతే నాటికల్ మైలు, 1.852 కిలోమీటర్లు, పైలట్లు ఇప్పటికీ దాంట్లోనే మాట్లాడుకుంటారు. భూమి పూర్తి గుండ్రం కాదు, మధ్యలో కొంచెం ఉబ్బి ఉంటుంది, కాబట్టి గోళం అనుకుని కట్టిన లెక్క అర శాతం దాకా తప్పొచ్చు. రెండు వెబ్‌సైట్లు రెండు అంకెలు చూపిస్తే కంగారు పడకండి, చాలాసార్లు కారణం ఇదే, లేదా ఒకటి ఊరి మధ్య నుంచి కొలిచింది, ఇంకోటి ఎయిర్‌పోర్టు నుంచి కొలిచింది.

ఇంకొక్క ముక్క చెప్పి దూరం వదిలేస్తాను, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యనైనా 20,000 కిలోమీటర్ల కంటే పెద్దగా దూరం ఉండడానికి వీల్లేదు, అది చుట్టుకొలతలో సగం కాబట్టి. ఆ హద్దుకి ఆనుకుని కొన్ని జంటలున్నాయి. మాడ్రిడ్, వెల్లింగ్టన్ మధ్య సుమారు 19,850 కిలోమీటర్లు. తైవాన్‌లో తైపే, పరాగ్వేలో అసున్సియోన్ మధ్య సుమారు 19,900. ఇవి భూమికి ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి ఉన్న ఊళ్లు. అలాంటి జంటల్లో విశేషం ఏమిటంటే, ఏ దిక్కుగా బయలుదేరినా దూరంలో పెద్ద తేడా ఉండదు, ఉత్తరంగా పోయినా, దక్షిణంగా పోయినా, తూర్పుగా పోయినా అంతే. అప్పుడు దారిని ఎంచేది దూరం కాదు, పూర్తిగా గాలే.

ఇక టైమ్‌కి వద్దాం. నేను చెప్పాలనుకున్నదంతా ఇక్కడే ఉంది.

సామాన్యంగా అందరూ చేసే లెక్క ఏమిటి? దూరాన్ని తొమ్మిది వందలతో భాగించు, అరగంట కలుపు. పెద్ద జెట్ విమానాలు శబ్ద వేగంలో 85 శాతం దగ్గర నడుస్తాయి, ఆ ఎత్తులో ఉండే చలికి అది గంటకి 900 కిలోమీటర్లు అవుతుంది. ఈ లెక్కని ఇప్పుడు నడుస్తున్న అతి పొడవైన నాన్‌స్టాప్ సర్వీసు మీద వేసి చూద్దాం. సింగపూర్ నుంచి న్యూయార్క్ కెనెడీ ఎయిర్‌పోర్టుకి 15,350 కిలోమీటర్లు. 900తో భాగిస్తే పదిహేడు గంటల మూడు నిమిషాలు. కానీ టికెట్ మీద వేసేది పద్దెనిమిదిన్నర గంటల పైనే. ఆ గంటన్నర ఎక్కడికి పోయింది?

మొదటిది, టికెట్ మీద ఉండే టైమ్ గాల్లో ఉన్న టైమ్ కాదు. గేటు దగ్గర చక్రాల కింద పెట్టిన అడ్డు తీసిన క్షణం నుంచి, అక్కడ దిగి గేటుకి చేరి మళ్లీ అడ్డు పెట్టేదాకా. ఈ రంగంలోవాళ్లు దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లడం, లైన్లో ఆగడం, దిగాక మళ్లీ గేటు దాకా రావడం, పెద్ద ఎయిర్‌పోర్టుల్లో ఇదంతా కలిపి అరగంట సులువుగా తినేస్తుంది. రెండోది, పైకెక్కేటప్పుడూ దిగేటప్పుడూ 900 స్పీడు ఉండదు. మూడోది, విమానం మహావృత్తం గీత మీదే పోదు, రూటు ఎప్పుడూ దానికంటే కొంత పొడుగే. నాలుగోది, ఎయిర్‌లైన్లు షెడ్యూల్లో కొంచెం జాగా వదులుకుంటాయి. చెప్పిన టైమ్‌కి పావుగంట లోపు వస్తే టైమ్‌కి వచ్చినట్టే లెక్క అనే పద్ధతి అమెరికాలో ఉంది, ఆ లెక్కలో మంచి పేరు ఉండాలంటే మామూలు రోజుకి పట్టే దానికంటే కాస్త ఎక్కువే రాసుకోవాలి. అందుకే ఒక్కోసారి ఆలస్యంగా బయలుదేరిన విమానం కూడా టైమ్‌కే దిగుతుంది, మనం పైలట్ స్పీడు పెంచాడనుకుంటాం.

ఈ నాలుగూ చిన్నవి. అయిదోది పెద్దది, గాలి.

తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి గాలి ప్రవాహాలు వీస్తుంటాయి, జెట్ స్ట్రీమ్ అంటారు. 1920ల్లో జపాన్‌లో వసబురో ఓయిషి అనే వాతావరణ శాస్త్రవేత్త బెలూన్లు వదిలి, వాటి కదలిక చూసి ఈ గాలుల్ని కొలిచాడు. తన ఫలితాల్ని ఎస్పరాంటోలో, అంటే అన్ని దేశాలవాళ్లకీ ఉమ్మడిగా ఉండాలని కల్పించిన భాషలో, అచ్చు వేశాడు, ప్రపంచమంతా చదువుతుందన్న ఆశతో. బయట దాదాపు ఎవరూ చదవలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ పైలట్లు ఆ ఎత్తుకి వెళ్లాక గానీ మిగతా ప్రపంచానికి ఆ గాలుల బలం తెలిసిరాలేదు. ఆయన పని గుర్తొచ్చినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఈ గాలి ఎంత బలమైనదంటే, 2020 ఫిబ్రవరిలో కియారా అనే తుఫాను సమయంలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 విమానం ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. మామూలుగా ఆరున్నర, ఏడు గంటల ప్రయాణం. నేల మీద నుంచి కొలిస్తే ఒక దశలో దాని వేగం గంటకి 1,300 కిలోమీటర్లు దాటింది. శబ్ద వేగాన్ని దాటేసిందా అని చాలామంది అడిగారు. లేదు. విమానం తన చుట్టూ ఉన్న గాల్లో ఎప్పటి స్పీడులోనే పోతోంది, ఆ గాలి మొత్తం తూర్పుకి పరుగెడుతోంది, అంతే. నదిలో పడవ ఎంత వేగంగా తెడ్డేసినా, నీళ్లు ఎటు పోతున్నాయన్నదే గట్టుకి ఎప్పుడు చేరతావో తేలుస్తుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం, చేత్తో చేసుకోవచ్చు. దూరం 5,500 కిలోమీటర్లు, విమానం వేగం 900, గాలి 150. గాలి వెనక నుంచి తోస్తే 1,050, టైమ్ 5 గంటల 14 నిమిషాలు. గాలి ఎదురొస్తే 750, టైమ్ 7 గంటల 20 నిమిషాలు. రానూ పోనూ కలిపితే 12 గంటల 34 నిమిషాలు. అసలు గాలే లేకపోతే రానూ పోనూ 12 గంటల 13 నిమిషాలు. చూశారా, పోయేటప్పుడు నష్టపోయింది వచ్చేటప్పుడు పూర్తిగా తిరిగిరాదు, ఎందుకంటే ఎదురుగాలిలో మనం ఎక్కువసేపు ఉంటాం, వెనకగాలిలో తక్కువసేపు ఉంటాం. స్కూలు పిల్లలకి గణితం చెప్పేవాళ్లు ఎవరైనా ఇక్కడుంటే ఈ ఉదాహరణ తప్పకుండా వాడండి, సగటు వేగం అంటే ఏమిటో ఇంతకంటే బాగా చెప్పే లెక్క నాకు కనిపించలేదు.

ఇంకో ప్రశ్న ప్రతిసారీ వస్తుంది కాబట్టి నేనే చెప్పేస్తాను. భూమి తూర్పుకి తిరుగుతోంది కదా, మరి పడమరకి వెళ్లే విమానం తొందరగా చేరాలి కదా అని. భూమితోపాటు దాని వాతావరణం కూడా తిరుగుతోంది, బయలుదేరక ముందు రన్‌వే మీద ఉన్న విమానమూ దానితోనే తిరుగుతోంది. కాబట్టి నేరుగా ఏ లాభం లేదు. అయితే భూభ్రమణం గాలుల దిక్కుని మలుస్తుంది, జెట్ స్ట్రీమ్ తూర్పుకి వీచడానికి ఒక కారణం అదే. అంటే భ్రమణం ప్రభావం ఉంది, కానీ మనం ఊహించిన దానికి సరిగ్గా తలకిందులుగా, తూర్పుకి పోయేవాడికే లాభం.

ఈ గాలులు చలికాలంలో బలంగా ఉంటాయి, ఎండాకాలంలో కొంత తగ్గుతాయి, రోజురోజుకీ జరుగుతుంటాయి. అందుకే ఉత్తర అట్లాంటిక్ మీద విమానాలు వెళ్లే దారుల్ని రోజుకి రెండుసార్లు కొత్తగా గీస్తారు, పడమరకి ఒక గుంపు, తూర్పుకి ఒక గుంపు. యూరప్ నుంచి పగలు బయలుదేరేవాళ్లకి గాలిని తప్పించుకునే దారులు, అమెరికా నుంచి రాత్రి బయలుదేరేవాళ్లకి గాలిని అందుకునే దారులు.

పైలట్ చేతికి ఇచ్చే ఫ్లైట్ ప్లాన్ కాగితాలు చూస్తే ఇదంతా కళ్లకి కడుతుంది. పొడవాటి పట్టీ, ఒక్కో వరుసకి ఒక్కో చోటు. సముద్రం మీద ఆ చోటుకి పేరుండదు, అక్షాంశ రేఖాంశాలే ఉంటాయి. నేల దగ్గర అయిదక్షరాల పేర్లుంటాయి, నోటితో పలకడానికి వీలుగా కల్పించిన పేర్లు. పక్కనే ఎత్తు, గాలి దిక్కు, గాలి వేగం, బయట చలి ఎంత, ఆ గాలి మనకి కలిసొస్తే ప్లస్, ఎదురైతే మైనస్. దాని పక్కన ఆ చోటుకి చేరేసరికి ట్యాంకుల్లో ఎంత ఇంధనం మిగలాలి. పైలట్లు ఒక్కో చోటు దాటగానే వాస్తవంగా ఎంతకి దాటామో, ఎంత ఇంధనం మిగిలిందో చూసుకుని పక్కన రాసుకుంటారు. అంచనాకి రెండు నిమిషాలు వెనక, నాలుగు నిమిషాలు ముందు, ఇలా. మనం నిద్రపోతున్న ఆ పద్నాలుగు గంటలూ ముందు కూర్చున్నవాళ్లు ఈ పట్టీని వరుస తర్వాత వరుస దింపుకుంటూ వస్తారు. టైములన్నీ ఒకే గడియారంలో ఉంటాయి, యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో. కింద ఏ దేశం ఉన్నా ఆ కాగితానికి సంబంధం లేదు.

కింద ఏ దేశం ఉందన్నది మాత్రం వేరే రకంగా చాలా ముఖ్యం. గగనతలం ఖాళీగా కనిపిస్తుంది గానీ ప్రతి ముక్కా ఎవరిదో ఒకరిది.

ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో సోవియట్ యూనియన్ తన మీదుగా పశ్చిమ దేశాల విమానాల్ని స్వేచ్ఛగా పోనివ్వలేదు. యూరప్ నుంచి టోక్యోకి వెళ్లాలంటే దక్షిణంగా చుట్టి, ఆసియా ఎయిర్‌పోర్టుల్లో ఆగుతూ ఆగుతూ పోవాలి. 1957 ఫిబ్రవరిలో స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ కోపెన్‌హేగెన్ నుంచి ఉత్తర ధ్రువం మీదుగా యాంకరేజ్‌కి, అక్కడ ఇంధనం నింపుకుని టోక్యోకి సర్వీసు మొదలుపెట్టింది. యాభై గంటల ప్రయాణం ముప్ఫై రెండు గంటలకి దిగింది. యాంకరేజ్ లాంటి మారుమూల ఊరు ఒక్కసారిగా ఖండాల మధ్య మజిలీ అయిపోయింది. తర్వాత సైబీరియా దారి తెరుచుకున్నాక ఆ మజిలీ అవసరం పోయింది.

మళ్లీ 2022 ఫిబ్రవరి తర్వాత, యుక్రెయిన్ మీద దాడితో, యూరప్ విమానాలకి రష్యా గగనతలం మూసుకుపోయింది. హెల్సింకి నుంచి టోక్యోకి తొమ్మిదిన్నర గంటల దాకా పట్టే ప్రయాణం పదమూడు గంటల దగ్గరికి పోయింది. ఫిన్‌ఎయిర్ కొన్నిసార్లు ఉత్తర ధ్రువం మీదుగా, కొన్నిసార్లు దక్షిణంగా చుట్టి వెళ్తోంది. ఎయిర్‌పోర్టులు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి, వెబ్‌సైట్‌లో దూరం సుమారు 7,800 కిలోమీటర్లనే చూపిస్తుంది, గ్లోబు మీద దారం అదే చోట పడుకుంటుంది. మూడున్నర గంటలు మాత్రం పెరిగాయి. ఆసియాకి దగ్గరి యూరప్ రాజధాని మాదే అని చెప్పుకుంటూ వ్యాపారం కట్టుకున్న ఎయిర్‌లైన్‌కి ఇది ఎంత దెబ్బో ఆలోచించండి. యుద్ధం అంటే ఎక్కడో జరిగే విషయం అనుకుంటాం, దాని నీడ ఇంత దూరం పడుతుంది.

భద్రత నియమం కూడా ఒకటుంది, దాన్ని క్లుప్తంగా చెప్తాను. రెండు ఇంజిన్ల విమానంలో ఒకటి ఆగిపోతే, మిగిలిన ఒక్కదానితో ఇన్ని నిమిషాల్లో ఏదో ఒక ఎయిర్‌పోర్టుకి చేరగలగాలి అని నియమం. 1953లో అమెరికాలో అది అరవై నిమిషాలు. 1985లో నూట ఇరవైకి, 1988లో నూట ఎనభైకి పెంచారు, ఇప్పుడు కొన్ని ఎయిర్‌బస్ ఏ350లకి 370 నిమిషాల దాకా అనుమతి ఉంది. అరవై నిమిషాల రోజుల్లో మహాసముద్రం మీద రెండింజిన్ల విమానం దీవుల్ని పట్టుకుని వంకర్లు తిరుగుతూ పోవాల్సిందే. సిడ్నీ, చిలీలో సాంటియాగో మధ్య 11,300 కిలోమీటర్లు చూడండి, దారం లాగితే దక్షిణాన అంటార్కిటికా వైపు వంగుతుంది, కింద నీళ్లూ మంచూ తప్ప ఏమీ ఉండవు. ఆస్ట్రేలియా ఎయిర్‌లైన్ క్వాంటాస్ ఆ రూటులో ఏళ్ల తరబడి నాలుగింజిన్ల 747 వాడింది అంటే ఊరికే కాదు.

ఇక ఇంధనం. చాలా దూరం పోవాలంటే చాలా ఇంధనం మోయాలి, ఆ ఇంధనాన్ని మోయడానికే మళ్లీ ఇంధనం కావాలి. దూరం పెరిగేకొద్దీ ఈ చిక్కు ముదురుతుంది. సింగపూర్ - న్యూయార్క్ నడిపే ఏ350 ప్రత్యేక రకంలో 1,65,000 లీటర్లు పడుతుంది, కానీ సీట్లు 161 మాత్రమే, ఎకానమీ సీట్లే లేవు. అదే విమానం మామూలు రకంలో మూడు వందల మందిని కూర్చోబెడతారు. 2020 మార్చిలో కోవిడ్ వల్ల అమెరికాలో ఆగే వీలు లేకపోయేసరికి ఎయిర్ తాహితి నుయి అనే ఎయిర్‌లైన్ వాళ్లు పసిఫిక్‌లో తాహితి దీవిలో ఉన్న పపీతే నుంచి పారిస్‌కి 15,715 కిలోమీటర్లు ఆగకుండా వెళ్లారు, పదహారు గంటల లోపే. మామూలు రోజుల్లో ఆ బోయింగ్ 787 విమానం లాస్ ఏంజెలెస్‌లో ఆగి వెళ్లేది. ఆ రోజు జనం తక్కువ, బరువు తక్కువ, గాలి కలిసొచ్చింది, అందుకని కుదిరింది. 2005 నవంబర్‌లో బోయింగ్ వాళ్లు 777లో హాంకాంగ్ నుంచి లండన్‌కి దగ్గరి దారిన కాకుండా తూర్పుగా, పసిఫిక్, అమెరికా, అట్లాంటిక్ అన్నీ దాటించి తీసుకెళ్లారు, 21,602 కిలోమీటర్లు, 22 గంటల 42 నిమిషాలు. అంటే భూమి మీద ఏ రెండు ఊళ్లకైనా ఆగకుండా వెళ్లగల యంత్రం ఉంది. నిండా జనంతో, సామానుతో, డబ్బులు గిట్టేలా వెళ్లడమే ఇంకా కష్టం.

ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చామో కూడా చూడండి. 1947లో క్వాంటాస్ సిడ్నీ నుంచి లండన్‌కి మొదలుపెట్టిన సర్వీసులో 29 మంది ప్రయాణికులు, 11 మంది సిబ్బంది, డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీల్లో ఆగుతూ నాలుగు రోజులు, అందులో గాల్లో 55 గంటలు. 2019 నవంబర్‌లో పరీక్ష కోసం లండన్ నుంచి సిడ్నీకి నేరుగా పోయిన విమానానికి 19 గంటల 19 నిమిషాలు పట్టింది. అయితే ఒకటి గమనించాలి, జెట్ విమానాల స్పీడు 1960ల నుంచి దాదాపు పెరగలేదు. కాంకర్డ్ ఒక్కటే న్యూయార్క్ - లండన్ మూడున్నర గంటల్లో పోయేది, అది 2003లో ఆగిపోయింది. 1960ల తర్వాత మనం గెలుచుకున్న గంటలన్నీ వేగం వల్ల కాదు, ఆగకపోవడం వల్ల వచ్చినవి.

టికెట్ మీది టైములు చదవడం దగ్గర చాలామంది టెన్షన్ పడతారు, కాబట్టి ఒక లెక్క చేసి చూపిస్తాను. జూన్ నెల అనుకోండి. సిడ్నీలో మంగళవారం ఉదయం పదింటికి బయలుదేరి లాస్ ఏంజెలెస్‌లో మంగళవారమే ఉదయం ఆరున్నరకి దిగుతారు అని ఉంది. బయలుదేరిన దానికంటే మూడున్నర గంటల ముందే దిగినట్టు! రెండింటినీ యూటీసీలోకి మార్చండి. జూన్‌లో సిడ్నీ యూటీసీ కంటే పది గంటలు ముందు, కాబట్టి ఉదయం పది అంటే యూటీసీలో మంగళవారం సున్నా గంటలు. లాస్ ఏంజెలెస్ ఏడు గంటలు వెనక, కాబట్టి ఉదయం ఆరున్నర అంటే యూటీసీలో మధ్యాహ్నం ఒంటిగంటన్నర. తేడా పదమూడున్నర గంటలు. అదీ అసలు ప్రయాణం. తిరుగు ప్రయాణంలో మంగళవారం రాత్రి పదింటికి ఎక్కితే, ఎదురుగాలి కాబట్టి పదిహేను గంటలనుకుందాం, సిడ్నీలో గురువారం ఉదయం ఆరింటికి దిగుతారు. బుధవారం అనేది దాదాపు కనిపించకుండా పోతుంది. వేళకి వేసుకోవాల్సిన మందులున్నవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు స్థానిక గడియారం చూసి కాదు, గడిచిన గంటలు చూసి లెక్క వేసుకోవాలి, ముందే డాక్టర్‌తో మాట్లాడి ఒక కాగితం మీద రాసుకోండి. ఇది నిజంగా ముఖ్యం.

ఇక మీ ప్రశ్నలు. అవునమ్మా, చెప్పండి. నేరుగా వెళ్లేది తీసుకోవాలా, మధ్యలో ఒకచోట ఆగేదా అంటున్నారు, ఏది మంచిది అని.

మంచి ప్రశ్న. మధ్యలో ఆగితే దూరం పెరిగిపోతుందని అనుకుంటారు, చాలాసార్లు అంత పెరగదు. సిడ్నీ నుంచి లండన్ నేరుగా 17,000 కిలోమీటర్లు, సింగపూర్ మీదుగా వెళ్తే రెండు వందల కిలోమీటర్లు కూడా ఎక్కువ కాదు, ఎందుకంటే సింగపూర్ ఇంచుమించు ఆ దారం మీదే ఉంది. పెరిగేది టైమ్. దిగడం, గేటు చేరడం, దిగి నడవడం, మళ్లీ తనిఖీ, మళ్లీ ఎక్కడం, మళ్లీ రన్‌వే, తక్కువలో తక్కువ రెండు గంటలు. కానీ పెద్దవాళ్లకి, కాళ్లు వాచేవాళ్లకి, చిన్నపిల్లలున్నవాళ్లకి ఆ మధ్యలో లేచి నడిచే రెండు మూడు గంటలు నష్టం కాదు, మేలే. పద్దెనిమిది గంటలు ఒక్క సీట్లో కూర్చోవడం అందరి వల్లా కాదు. దాని గురించి మొహమాటం ఏమీ అక్కర్లేదు.

ఆగే టికెట్ తీసుకుంటే మాత్రం రెండు విషయాలు చూడండి. రెండు విమానాలూ ఒకే బుకింగ్‌లో ఉన్నాయా, విడివిడిగా కొన్నారా? ఒకే బుకింగ్ అయితే మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే వేరే విమానంలో చోటు చూపించే బాధ్యత ఎయిర్‌లైన్‌ది. విడివిడిగా కొంటే ఆ బాధ్యత మామూలుగా ఎవరిదీ కాదు, రెండో టికెట్ డబ్బులు పోయినట్టే. రెండోది, మొదటి విమానం చలికాలంలో పడమరకి వెళ్తోందా అని చూడండి. అలా అయితే ఎదురుగాలికి అరగంట, ముప్పావుగంట లేటవడం మామూలే, గంటంబావు గ్యాప్ ఉన్న కనెక్షన్ వెబ్‌సైట్ చూపించినా తీసుకోకండి, మూడు గంటలున్నది తీసుకోండి.

ఆ వెనక వరుసలో ఇంకెవరో చెయ్యెత్తారు, మైకు అటు ఇవ్వండి.